నూకాలవ్వను ఏడుసార్లు కాపాడిన దళం

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే ఒక చివర వాన కురుస్తుంటే ఇంకో చివర చీమలు గింజలు ఎండబెట్టుకునేంత పెద్ద అడవిలో, నూకాలవ్వ అనే తాబేలు ఉండేది.

నూకాలవ్వకు తొందరంటే ఏమిటో తెలియదు. వయసు ఎనభై దాటినా ప్రతి పుట్టగొడుగు దగ్గరా ఆగి, నిన్న లేనిదానివి ఇవాళ ఇంత గొడుగుతో ఎలా వచ్చావమ్మా అని ఆశ్చర్యపోయేది. అది జవాబు చెప్పేదాకా కాసేపు నిలబడేది కూడా. చెప్పకపోయినా ఏమీ అనుకునేది కాదు.

అయితే ఏడాదికి ఒక్కసారి ఆవిడకూ తొందర పుట్టేది. అది రోహిణి కార్తెలో.

కడుపులో ఉన్న పన్నెండు గుడ్లనూ వాగు ఒడ్డున ఇసుక దిబ్బలో పెట్టాలి. రోళ్లు పగిలే ఆ ఎండకు దిబ్బ పొయ్యి మీది పెనంలా కాగి ఉంటుంది. మొదటి రెండు రోజులు ఆ వేడి తగిలితే చాలు, గుడ్డులో ప్రాణం కుదురుకుంటుంది. మృగశిర చినుకు పడ్డాక ఇసుక చల్లబడిపోతుంది. అప్పుడు పెట్టిన గుడ్డూ ఒకటే, గులకరాయీ ఒకటే.

ఇంటి నుంచి దిబ్బకు జింక అరపూటలో పోతుంది. నూకాలవ్వకు నాలుగు రోజులు. ఎక్కడికి వెళుతున్నదీ నోరు జారి కూడా ఎవరికీ చెప్పేది కాదు. తాబేలు గుడ్లంటే అడవిలో సగం మందికి నోరూరుతుంది. నక్కలకైతే చెప్పనే అక్కర్లేదు.

ఆ ఏడు ఆవిడ బయలుదేరడమూ, ఆపద్బాంధవ దళం పుట్టడమూ ఒకే వారంలో జరిగాయి. అదీ వచ్చిన చిక్కు.

దళం ఎలా పుట్టిందంటే, పట్నం నుంచి మనుషుల పిల్లలు కొందరు అడవి అంచుకు వచ్చి డేరాలు వేసుకున్నారు. మెడలో ఆకుపచ్చ కండువాలు కట్టుకుని, ఒకరి చేతికి ఒకరు గుడ్డకట్లు కట్టుకుని, నవ్వుకుని, పాటలు పాడుకుని వెళ్లిపోయారు. వెళుతూ ప్రథమ చికిత్స పుస్తకం ఒకటి మరిచిపోయారు. అది నక్క పానకాలు చేతికి చిక్కింది.

పానకాలు అంతకుముందే తేనె పంపకాల సంఘానికీ, నీటిగుంట సంరక్షణ సంఘానికీ కార్యదర్శి. తేనె అయిపోయింది. గుంట ఎండిపోయింది. సంఘాలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

పిల్లలకు సేవాభావం నేర్పకపోతే అడవి ఏమైపోతుందని పానకాలు సభ పెట్టి కన్నీళ్లు పెట్టుకున్నాడు. అడవి బాలల ఆపద్బాంధవ దళం అలా వెలిసింది. శిక్షకుడిగా ఎలుగుబంటి వీరభద్రం మాస్టారిని పెట్టారు. ఆయనకు వైద్యం రాదు గానీ గొంతు పెద్దది.

నిజం చెప్పాలంటే పిల్లలు చాలా నేర్చుకున్నారు. అంతకు మునుపు ఒకళ్ల మీద ఒకళ్లు పండు టెంకలు విసురుకునే కోతిపిల్లలు వరసగా నడవడం నేర్చారు. జింకపిల్లలు తీగలతో ముడులు వేయడం, వెదురుతో డోలీ కట్టడం నేర్చారు. పూటకు రెండు గంటలు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటోందని తల్లులందరూ పానకాలుకు దండాలు పెట్టారు. నూకాలవ్వ కూడా చూసి, ఎంత బుద్ధిమంతులో అని మురిసిపోయింది.

ఇంకొకరిని కాపాడిన ప్రతివాడికీ టేకాకు కండువా ఇస్తామన్నారు. దళం మొత్తం మీద ఏడుగురిని కాపాడితే అడవి అధ్యక్షులు ఏనుగు పెద్దాయన స్వయంగా వచ్చి గుర్తింపు ఇస్తారనీ, గుర్తింపు వచ్చిన దళం కార్యదర్శికి పెద్దాయన పక్కన కూర్చునే హక్కు వస్తుందనీ పానకాలు చెప్పాడు. రెండో మాట కాస్త నెమ్మదిగా చెప్పాడు.

తీరా చూస్తే కాపాడడానికి ఎవరూ దొరకలేదు.

అడవిలో దెబ్బలు తగలక కాదు. దెబ్బ తగిలినవాడు పొదలోకి దూరి చప్పుడు చేయకుండా పడుకోవడం అడవి ఆచారం. కుంటుతూ కనబడితే కాపాడేవాళ్లకన్నా ముందు తినేవాళ్లు వస్తారు. అందుకని కాలు విరిగిన కుందేలు కూడా దళాన్ని చూడగానే చెంగున గెంతి మాయమయ్యేది. పిల్లలు కట్లు పట్టుకుని అడవంతా తిరిగి, సాయంత్రానికి ఆ కట్లు చెట్టు కొమ్మలకు కట్టి వచ్చేవాళ్లు.

అలాంటి రోజున, చెట్టు మీద కాపలా కాస్తున్న కోతిపిల్ల అంజిగాడికి నూకాలవ్వ కనబడింది.

నాలుగడుగులు వేసింది. ఆగింది. ఊపిరి పీల్చుకుంది. మళ్లీ నాలుగడుగులు.

అంత మెల్లగా నడిచేవాళ్లకు దెబ్బ తగలకుండా ఎలా ఉంటుందని అంజిగాడి లెక్క. ఈల వేశాడు. రెప్పపాటులో పద్నాలుగు మంది పిల్లలు, వాళ్ల వెనక రొప్పుకుంటూ మాస్టారు, ఆయన చంకలో పుస్తకం.

"ఎలా ఉన్నావవ్వా?" అన్నాడు అంజిగాడు, పుస్తకంలో మొదటి ప్రశ్న అదే కనక.

"బాగున్నాను నాయనా. నువ్వు బాగున్నావా?" అంది నూకాలవ్వ.

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మాస్టారు పుస్తకం తెరిచి గంభీరంగా చదివాడు: 'బాగున్నానని చెప్పేవారిని వెంటనే నమ్మరాదు.' ఆ తర్వాత ఇంకో వాక్యం ఉండేదేమో. చెదలు తినేశాయి. చెదలు వదిలిందే చట్టమైంది.

పక్క పేజీలో బొమ్మ ఉంది. అందులో ఒక పిల్లవాడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతున్నారు. కనక నూకాలవ్వను వెల్లకిలా తిప్పారు.

తాబేలును వెల్లకిలా తిప్పడమంటే ఏమిటో తాబేలుకే తెలుస్తుంది. కాళ్లు గాలిలో ఈదాయి. కడుపులో గుడ్లు ఒకదాని మీద ఒకటి సర్దుకున్నాయి. అయితే నూకాలవ్వ ఆకాశాన్ని నిండుగా చూడడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఇంత పెద్దదా ఇది, ఇన్నాళ్లూ నా వీపు మీదే ఉందా అనుకుంది. తర్వాత భయం వేసి తల లోపలికి లాక్కుంది.

తల పోయిందని జింకపిల్ల ఏడుపు లంకించుకుంది. పరిస్థితి విషమమని మాస్టారు రాయించాడు. ఆకులు చుట్టి, తీగలు బిగించి, డోలీలో వేసి, రోజున్నర నడిచి వచ్చిన దూరమంతా వెనక్కి మోసుకుపోయి, దళం పాకలో పడుకోబెట్టారు. దళం పాక ఎక్కడుందంటే, నూకాలవ్వ ఇంటి గుమ్మానికి ఎదురుగా.

మర్నాడు పొద్దున్న కట్లు విప్పి, ప్రాణం నిలిచినందుకు అందరూ చప్పట్లు కొట్టి, జాగ్రత్తగా వెళ్లమని చెప్పి పంపించారు. నూకాలవ్వ దండం పెట్టి, మళ్లీ మొదటి అడుగు నుంచి బయలుదేరింది.

రెండోసారి పొదల మాటున పోయింది. దొరికింది. మూడోసారి కొంచెం తొందరగా నడిచింది. వణుకుతోందనుకుని రెట్టింపు ఆకులు చుట్టారు. నాలుగోసారి ఎండుటాకులు మీద పోసుకుని ఎవరికీ కనబడనని ధైర్యంగా బయలుదేరింది. నడిచే ఆకుల కుప్పను చూసి అంజిగాడు చెట్టు మీంచి పడబోయి, ఇది ఇంతవరకూ చూడని జబ్బని ఈల మీద ఈల వేశాడు. ఐదోసారి ఆవిడే విసిగి, నాకే జబ్బూ లేదు, నా దారిన నన్ను పోనివ్వండర్రా అని గట్టిగా అంది. ఇన్నిసార్లు బాగున్నానంటోందంటే లోపల ఏదో చాలా పెద్దదే ఉందని మాస్టారు తలాడించాడు.

ప్రతిసారీ ఒక్క ఉడతపిల్ల మాత్రం పుస్తకంలో లేని ప్రశ్న అడిగేది. దాని పేరు సీతాలు. ఇంత తోక, అంత ఒళ్లు. డోలీ మోయలేదు, కట్టు బిగించలేదు. అందుకని కండువా దానికి ఇంకా రాలేదు.

"అవ్వా, ఎక్కడికి పోతున్నావు?" అనేది.

నూకాలవ్వకు చెప్పాలని నోటిదాకా వచ్చేది. కానీ ఎప్పుడూ నాలుగడుగుల అవతల పానకాలు చెవులు రిక్కించి నిలబడి ఉండేవాడు. ఊరికే గాలికి పోతున్నాను తల్లీ అనేది. ఈలోగా మాస్టారు సీతాలును కసిరేవాడు, రోగి ఎక్కడికి పోతోందన్నది మనకు సిలబస్‌లో లేదని.

ఆరోసారి కాపాడి తెచ్చేసరికి రోహిణి వెళ్లిపోవడానికి రెండే రోజులు మిగిలాయి. పాకలో కట్ల మధ్య పడుకుని నూకాలవ్వ పడమర వైపు చూసింది. తాటికాయంత మబ్బు కనబడింది. పాక గుంజ మీద చీమలు తమ గుడ్లు నోట కరుచుకుని పైకి పాకుతున్నాయి. అవి వాటి పిల్లలను ఎత్తుకు పోతున్నాయి, నేనే పోలేకున్నానని ఆవిడకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కడుపు బరువెక్కి రాయిలా ఉంది. ఇంక ఆగితే దారిలోనే, ఈ చల్లటి ఆకుల మీదే దించుకోవాల్సి వస్తుంది. ఎదురుగా నక్క.

ఆ సమయానికే పానకాలు పళ్లు కనబడేలా నవ్వుతూ వచ్చాడు. ఆరు అయ్యాయనీ, ఏడోది ఏనుగు పెద్దాయన కళ్లెదుటే జరగాలనీ, రేపే సభ అనీ, పెద్దాయన ముందు కొంచెం బాధగా మొహం పెట్టమనీ చెప్పాడు. సభ ఈ పాక ముందే అన్నాడు.

నూకాలవ్వ ఎనభై ఏళ్లలో ఎన్నడూ ఎత్తు వేసినది కాదు. ఎత్తు అనే సంగతి తెలియకుండానే నోట మాట వచ్చింది.

"ఇక్కడా బాబూ? ఎండకు పెద్దాయన ఆగగలడా? వాగు ఒడ్డున అయితే తొండంతో నీళ్లు పోసుకుంటూ కూర్చునేవాడు. ఒళ్లు చల్లగా ఉంటే నాలుగు మంచి మాటలు ఎక్కువ చెప్పేవాడు."

అదేం కుదరదు, సభా స్థలం నిర్ణయించేది కార్యదర్శి గానీ రోగి కాదని పానకాలు కొట్టి పారేశాడు. మర్నాడు పొద్దున్నే, తనకు రాత్రంతా ఆలోచించగా తట్టిందని చెప్పి, సభను వాగు ఒడ్డున ఇసుక దిబ్బ మీదికి మార్చాడు.

పిల్లలు నూకాలవ్వను డోలీలో ఎక్కించుకుని పరుగెత్తారు. నాలుగు రోజుల దారి అరపూటలో ముగిసింది. చెట్లు వెనక్కి పోతుంటే ఆవిడ నోరు తెరిచి చూసింది. వీళ్లు చెడ్డపిల్లలు కాదు, అడిగితే మొదటి రోజే ఇలా దించేసేవాళ్లు కదా అనుకుంది. అడగనిచ్చిందెవరు, చెప్పనిచ్చిందెవరు.

సభ ఘనంగా ఏర్పాటైంది. రాళ్లు పేర్చి వేదిక కట్టారు. ఏడో రోగిని, తన వంతు వచ్చేదాకా, వేదిక వెనక ఇసుకలో ఈతాకుల చాటున కూర్చోబెట్టారు. కాపలాకు సీతాలును పెట్టారు, ఇంకే పనికీ రాదని.

పొట్ట కింద ఇసుక చుర్రుమంది. ఆ మంట ఎంత హాయిగా ఉందో చెప్పనలవి కాదు.

"తల్లీ, మాట్లాడేవాళ్లు ఎంతమంది?" అని అడిగింది నూకాలవ్వ.

"తొమ్మిది మంది అవ్వా. చివర వందన సమర్పణ."

"తొమ్మిది మందా?" అంది ఆవిడ. ఆనందంతో వెనక కాళ్లు ఇసుకలో దించింది.

తాబేలు గుడ్లు పెట్టడమంటే మాటలు కాదు. వెనక కాళ్లతో పిడికెడు పిడికెడు ఇసుక తోడాలి. ఒక్కో గుడ్డుకూ మధ్య సేద తీరాలి. ఆ పని అయ్యేంతసేపు లోకంలో ఏదీ ఆగదు. సభలో ప్రసంగాలు తప్ప.

నెమలి స్వాగతం పలికేలోగా మొదటి గుంట సగమైంది. అడుగున వేరు తగిలింది. ఆ గుంటను అలాగే వదిలేసి, పక్కకు జరిగి ఇంకోటి మొదలుపెట్టింది. అడవిపంది సేవాభావం గురించి మాట్లాడేసరికి రెండో గుంట పూర్తయింది. ఏనుగు పెద్దాయన లేచి, తమ తాతగారి చిన్నతనం నుంచి ఎత్తుకున్నాడు. తాతగారికి పెళ్లయ్యేసరికి నాలుగు గుడ్లు, తండ్రిగారు పుట్టేసరికి ఏడు, పెద్దాయన స్వయంగా పుట్టేసరికి పదకొండు. ఆయన ముగించబోతూ, చివరగా ఒక్క మాట అన్నాడు. ఆ ఒక్క మాటలో పన్నెండోది కూడా క్షేమంగా దిగింది.

సీతాలు అంతా చూసింది. కళ్లు ఇంతింత చేసుకుంది గానీ కిచకిచమనలేదు. ఈతాకులు ఇంకాస్త దగ్గరికి జరిపింది.

ఇక కప్పడమే మిగిలింది. అప్పుడు పానకాలు నివేదిక చదవడానికి లేచాడు. ఆరుగురిని మృత్యుముఖం నుంచి తప్పించామని మొదలుపెట్టి, ఆ ఆరుగురూ ఒక్కరే అన్న సంగతి దగ్గర దగ్గి, హఠాత్తుగా ఆగిపోయాడు. ముక్కు పైకెత్తాడు.

గాలి వేదిక వెనక నుంచి వీస్తోంది.

పానకాలు తన ప్రసంగాన్ని తానే మధ్యలో ఆపాడు. అడవి చరిత్రలో అటువంటిది జరగలేదు. ఇప్పుడే వస్తానని వేదిక దిగి, ముక్కు వెంట తాను, చొంగ కార్చుకుంటూ ఈతాకుల వైపు నడిచాడు. పారిపోవడం నూకాలవ్వ వల్ల కాదు. నాలుగు కాళ్లూ చాపి గుడ్ల మీద బోర్లా పడుకుంది, నన్ను దాటి తీసుకోమన్నట్టు.

పానకాలు ఇంకో అడుగు వేశాడు. ఆ అడుగు మొదటి గుంటలో పడింది.

కాలు మడతపడి కటుక్కుమంది. ధబ్బున పడ్డాడు. అంజిగాడు ఈల వేశాడు. పదమూడు మంది పిల్లలు, మాస్టారు, పుస్తకం. సభంతా లేచి నిలబడింది.

"ఎలా ఉన్నారు పానకాలు మావయ్యా?" అన్నాడు అంజిగాడు.

ఎదురుగా ఏనుగు పెద్దాయన. బారెడు దూరంలో గుడ్లు. పానకాలు పళ్లు బిగించి నవ్వాడు. "నాకేం కాలేదురా. బాగానే ఉన్నాను."

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నమ్మరాదని వాళ్లకు తెలుసు. వెల్లకిలా తిప్పారు.

వాళ్లు నేర్చింది తాబేలు వైద్యం. తాబేలుకు ఏం చేశారో నక్కకూ అదే చేశారు. పొట్ట మీద తట్టి చూశారు. తల లోపలికి పోతుందేమోనని ఎదురు చూశారు. ఎంతకీ పోకపోయేసరికి, రోగి సహకరించడం లేదని, వాళ్లే ఆకుల మూటలోకి తోశారు. వదలండర్రా, అక్కడ గుడ్లున్నాయి, గుడ్లు, అని మూటలోంచి గొణిగాడు పానకాలు. మతి చలించిందని రాసుకోమన్నాడు మాస్టారు. మూతి మీద ఇంకో రెండు చుట్లు చుట్టారు.

ఏనుగు పెద్దాయనకు దుఃఖం ఆగలేదు. ఎన్నో సభలకు వెళ్లాననీ, కార్యదర్శి తన ఒంటి మీదే ప్రయోగం చేయించుకున్న సభ ఇదొక్కటేననీ చెప్పి, అక్కడికక్కడే గుర్తింపు ఇచ్చేశాడు. డోలీ లేచింది. జేజేలు కొడుతూ దళం, దళం వెనక సభ, పాక వైపు సాగిపోయాయి. ఏడో రోగి సంగతి ఎవరికీ గుర్తు లేదు.

వాగు చప్పుడు మళ్లీ వినబడింది. ఈతాకుల పక్కన సీతాలు ఒక్కతే మిగిలింది.

"అవ్వా, నీకేం కావాలి?" అంది.

ఇన్ని రోజుల్లో ఆ మాట అడిగినవాళ్లు లేరు. నూకాలవ్వ కాసేపు దానివంకే చూసింది, పుట్టగొడుగును చూసినట్టు.

"గుంట నేను కప్పుకుంటాను తల్లీ. పైన నా అడుగులు మాత్రం కనబడకూడదు. నీకు మంచి తోక ఉంది."

సీతాలు ఆ దిబ్బంతా తోకతో ఊడ్చింది. ముగ్గు వేసే ముందు వాకిలి ఊడ్చినట్టు ఊడ్చింది. ఇసుక మీద తాబేలు వచ్చిన ఆనవాలు గానీ, ఉడత ఊడ్చిన ఆనవాలు గానీ మిగల్లేదు.

పానకాలు మూడు రోజులు పాకలో ఉన్నాడు. రోజుకు పదిసార్లు బాగున్నాను బాబోయ్ అని మొత్తుకున్నాడు. అన్నప్పుడల్లా ఒక కట్టు ఎక్కువ కట్టారు. వాచిన కాలును మాత్రం ఎవరూ చూడలేదు. నూకాలవ్వకు ఎప్పుడూ కాలు వాయలేదు కనక ఆ పాఠం జరగలేదు. మూడో రోజు మృగశిర వాన దబదబా కురిసి, దిబ్బ మీది వాసనంతా వాగులో కలిపేసింది. అప్పటికి ఓపిక నశించి, చచ్చిపోతున్నాన్రా అని పానకాలు అడవి దద్దరిల్లేలా అరిచాడు.

మాస్టారు పుస్తకం తిప్పాడు. 'గట్టిగా అరిచేవారికి ఊపిరి బాగానే ఉన్నట్టు. ముందు మిగతావారిని చూడండి' అని ఉంది. వెంటనే కట్లు విప్పి, చప్పట్లు కొట్టి, పంపించేశారు. ఆ సంగతి సీతాలు వెళ్లి నూకాలవ్వ చెవిన వేసింది. కుంటుకుంటూ వెళ్లి పానకాలు ఏనుగు పెద్దాయన పక్కన కూర్చున్నాడు. పెద్దాయన తాతగారి చిన్నతనం మళ్లీ మొదలైంది. పక్కన కూర్చునే హక్కులో లేచి వెళ్లే హక్కు లేదని పానకాలుకు అప్పుడే తెలిసింది.

దళంలో పద్నాలుగు మందిలో పదమూడు మందికి టేకాకు కండువాలు వచ్చాయి. సీతాలు పేరు ఎదురుగా, ఏడో ప్రమాద సమయంలో విధుల్లో లేదు అని రాశారు.

మూడు నెలలకు దిబ్బ కదిలింది. రూపాయి బిళ్లంత పిల్లలు పన్నెండు, ఇసుక దులుపుకుంటూ పైకి వచ్చాయి. నూకాలవ్వ ఈసారి ఎవరూ ఆపకుండా నాలుగు రోజులు నడిచి వచ్చి, అక్కడ సిద్ధంగా కూర్చుని ఉంది. ఆవిడ పక్కనే సీతాలు. పిల్లలకు ఈత నేర్పనక్కర్లేదు, నడక నేర్పనక్కర్లేదు. నూకాలవ్వ ఒక్కటే నేర్పింది.

"దారిలో ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే, చచ్చిపోతున్నానని గట్టిగా అరవండర్రా. మీ దారిన మిమ్మల్ని పోనిస్తారు."

అందుకే ఇప్పటికీ ఆ అడవిలో వానలు వెనక్కి పట్టే రోజుల్లో వాగు ఒడ్డున నడుస్తుంటే, చచ్చిపోతున్నాం, చచ్చిపోతున్నాం అని సన్నటి గొంతులు కులాసాగా వినిపిస్తుంటాయి. దళం వాళ్లు విని, పాపం, బాగానే ఉన్నట్టున్నారని పక్కకు తప్పుకుంటారు.

నీతి: ఆపదలో ఉన్నవాణ్ణి కాపాడడానికి ఒక తోక చాలు, ఏ ఆపదా లేనివాణ్ణి కాపాడాలంటేనే దళం కావాలి.